ఏడు చుక్కలు, నాలుగు వచ్చే వరకు

(స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో, చిన్న తరగతుల పిల్లలకి కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్పడం గురించి ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. మాటతీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండీ. భోజనాలయ్యాక మొట్టమొదట నా పేరే పిలిచారు. కళ్ళు మూతలు పడే వేళ అని నాకూ తెలుసు, నేనూ అదే పప్పన్నం తిన్నాను. [నవ్వులు] అందుకని ఒక లెక్కతో మొదలుపెడతాను. ఏడు చుక్కలు, నాలుగు వచ్చే వరకు, సందు చుక్క. మొత్తం ఎన్ని చుక్కలు?

వెనక వరసలో మేడమ్ గారు వేళ్ళు మడుస్తున్నారు. మాస్టార్లు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. ఎంతండీ? ముప్ఫై ఏడు. అంతే. మధ్య వరసలో ఏడు, పైకి ఆరు, ఐదు, నాలుగు, కిందికి మళ్ళీ ఆరు, ఐదు, నాలుగు. అదే పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చే వరకు అంటే నూట అరవై తొమ్మిది అవుతాయి. చుక్కలు అన్ని పెరిగినా వాక్యం మాత్రం పెరగలేదు చూడండి. ధనుర్మాసంలో పక్కింటావిడ గోడ మీంచి "పిన్నీ, ఇవాళ్టి ముగ్గేంటి?" అని అడిగితే మా అమ్మ ఈ ఒక్క వాక్యం చెప్పేది. ఆవిడ చూడకుండానే వాళ్ళ వాకిట్లో అదే ముగ్గు పెట్టేసేది. గోడ దాటింది ముగ్గు పెట్టే పద్ధతి ఒక్కటే. కంప్యూటర్ ప్రోగ్రాం అనే మాటకి ఇంతకన్నా మంచి అర్థం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇదేదో నేను ముచ్చటకి కట్టిన కథ అనుకోకండి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ, కమలా కృతివాసన్ అనే వాళ్ళు 1974లోనే తమిళనాడు కోలాల మీద కంప్యూటర్ సైన్సు పరిశోధన పత్రం రాశారు. బొమ్మకి కూడా భాషకున్నట్టు వ్యాకరణం ఉంటుందని, ఆ వ్యాకరణాన్ని నియమాలుగా రాయొచ్చని. కోలమంటే మన ముగ్గే కదా. అప్పటికి మన మండలంలో ఎవరూ కంప్యూటర్ని కళ్ళతో చూసి ఉండరు.

సరే, నాలుగు, ఐదు తరగతులకి వద్దాం. నా చేతిలో ఉన్నది ఆ పిల్లలే. తొమ్మిదేళ్ళు, పదేళ్ళు. మొదటి రోజు కంప్యూటర్ ముట్టుకోనివ్వను. వరండాలో ఇద్దరిని వీపులు ఆనించి కూచోబెడతాను. ఒకరి చేతిలో ముగ్గు కాయితం, ఒకరి చేతిలో సుద్దముక్క. కాయితం ఉన్నవాళ్ళు చెప్పాలి, సుద్దముక్క ఉన్నవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. సొంత తెలివి వాడకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. ఇదొక్కటే నియమం.

పోయినేడు ఒక కుర్రాడు మొదలుపెట్టాడు. "ఏడు చుక్కలు పెట్టు. పైన ఆరు పెట్టు." వీడు పెట్టేశాడు, సరిగ్గా చుక్క నెత్తిన చుక్క. చెప్పినవాడు తిరిగి చూసి "ఒరేయ్, సందులో పెట్టాలిరా!" అన్నాడు. రెండోవాడు తడుముకోకుండా "సందులో అని నువ్వు అన్లేదు" అన్నాడు. చూడండి, ఆ నిమిషంలో నా పని సగం అయిపోయింది. మనసులో ఉన్నది వేరు, నోట్లోంచి వచ్చింది వేరు అని ఒక తొమ్మిదేళ్ళవాడికి తెలిసింది. మనలో కొంతమందికి పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా తెలీదు. [నవ్వులు]

అసలు గొడవ ఆ తరవాత వచ్చింది. "నాలుగు వచ్చే వరకు" అన్నాం కదా. నాలుగు వరస పెట్టాలా, నాలుగు రాగానే ఆపెయ్యాలా? ఒక పిల్ల ఆరు, ఐదు పెట్టి ఆపేసింది. పైనా కిందా అంతే. దాని లెక్కలో మొత్తం ఇరవై తొమ్మిది. "నాలుగు వచ్చే వరకు అన్నారు టీచర్, వచ్చేసింది, ఆపేశాను" అంది. నిజమే! బస్సు వచ్చే వరకు ఆగు అంటే బస్సు వచ్చాక ఆగం. ముగ్గులు పెట్టేవాళ్ళు మాత్రం నాలుగుని కూడా కలుపుకుంటారు. తెలుగులో ఒకటే మాట, రెండు అర్థాలు. తరగతి రెండు పార్టీలుగా చీలింది. నేను తీర్పు చెప్పలేదు. మీరే ఒక మాట అనుకుని గోడ మీద రాసుకోండి అన్నాను. "నాలుగు వరస కూడా పెట్టాకే ఆపాలి" అని రాసుకున్నారు. ఇంజనీరింగ్ చదివిన మా తమ్ముడు ఈ సంగతి విని, ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో అయ్యే ఈ తప్పుతో వాళ్ళ ఆఫీసులో ఇప్పటికీ రాత్రిళ్ళు మేలుకుంటారని చెప్పాడు.

ఇంక కంప్యూటర్ల సంగతి. నేను మొదట పనిచేసిన ఊళ్ళో, ఊరి పేరు వద్దులెండి, బళ్ళో కంప్యూటర్ల గది ఉండేది. తలుపుకి తాళం. లోపల ఆరు కంప్యూటర్లు, వాటి మీద వచ్చిన నాటి ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. తాళంచెవి బీరువాలో, బీరువా తాళంచెవి ఇంకొకరి సంచీలో. తనిఖీకి ఎవరైనా వస్తే కవర్లు తీసి, వెళ్ళగానే కప్పేవాళ్ళం. పాడైపోతాయని భయం. అలా మూడేళ్ళు వాడకుండానే పాడైపోయాయి. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బి కూచున్నాయి. అప్పుడు నేనూ ఏమీ అనలేదు. తాళంచెవి నన్ను అడగమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ గది ముందే నిలబెట్టి పిల్లలతో "కంప్యూటర్ పితామహుడు ఎవరు? చార్లెస్ బాబేజ్" అని వల్లె వేయించాను. మానిటర్, కీబోర్డు, మౌస్ బొమ్మ గీసి భాగములను గుర్తింపుము అని పరీక్ష పెట్టాను. ఆ కింద పెట్టే డబ్బా మొత్తాన్నీ సీపీయూ అని నేర్పాను. అది కూడా తప్పే. సీపీయూ అంటే ఆ డబ్బా లోపల అరచేతిలో పట్టే ఒక చిప్పు. ఈత నేర్పమంటే చెరువు బొమ్మ గీసి గట్టు, మెట్లు, నీరు అని పేర్లు పెట్టించినట్టు నేర్పాను.

పిల్లలకి కంప్యూటర్‌తో ఏదో చేయించాలన్న ఆలోచన కొత్తదేం కాదండీ. 1967లోనే అమెరికాలో లోగో అని పిల్లల కోసమే ఒక భాష తయారుచేశారు. సేమూర్ పేపర్ట్, వాలీ ఫర్జీగ్, సింథియా సోలమన్. పేపర్ట్ అంతకుముందు జెనీవాలో, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే దగ్గర పనిచేసినవాడు. బీఈడీలో, డీఈడీలో మనందరం బట్టీ పట్టిన పియాజేనే. లోగోలో ఒక తాబేలు ఉంటుంది. ముందుకి నడువు, కుడికి తిరుగు అంటే నడుస్తూ వెనకాల గీత గీస్తుంది. తాబేలు కుడి ఏదో తెలియకపోతే పిల్లవాడు లేచి తనే తాబేలై నడిచి చూసుకోవాలనేవాడు పేపర్ట్. దాని మనవడిలాంటిదే ఇప్పటి స్క్రాచ్. మిచెల్ రెస్నిక్ బృందం ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో చేసి 2007లో బయటపెట్టారు. తాబేలు బదులు పిల్లి, టైపు చెయ్యడం బదులు బ్లాకులనే రంగుల ముక్కలు ఒకదానికొకటి తగిలించడం. మన దేశంలో కూడా 1984లో క్లాస్ అనే పథకం కింద కొన్ని బళ్ళకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. ఇంగ్లండులో 2014 సెప్టెంబరు నుంచి అయిదేళ్ళ పిల్లలకి కూడా కంప్యూటింగ్ పాఠ్యాంశం. మన 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో కోడింగ్, అంటే ప్రోగ్రాములు రాయడం, పెట్టమంది.

అంటే నాలుగు, ఐదు తరగతుల్లో నేను నేర్పేదానికి సిలబస్ లేదు, పరీక్ష లేదు, మార్కుల రిజిస్టర్ లేదు. ఇది లోటని కొందరంటారు. నాకైతే ఇంతకన్నా అదృష్టం లేదు. పరీక్ష పెట్టిన మర్నాడే "స్క్రాచ్ నందలి ఏవేని అయిదు బ్లాకులను పేర్కొనుము" అని గైడు వచ్చేస్తుంది. [నవ్వులు, చప్పట్లు]

నేను ఇంటర్నెట్ లేకుండానే నేర్పుతాను. స్క్రాచ్‌ని ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుంటే చాలు, నెట్ లేకపోయినా నడుస్తుంది. బాగా పాతబడ్డ కంప్యూటర్లకి 1.4 అనే పాత వెర్షన్ ఉంది. డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పుడు మీకు చెప్పాలని వచ్చిన అసలు సంగతి చెప్తాను. ఇది నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు, పిల్లలే చెప్పారు. స్క్రాచ్‌లో ఒకే పనిని పదేపదే చేయించడానికి ఒక ముక్క ఉంటుంది, రిపీట్ అని. నోరు తెరిచినట్టు ఉంటుంది. ఆ నోట్లో పెట్టిన పని అన్నిసార్లు జరుగుతుంది. చతురస్రం గీయాలంటే రిపీట్ నాలుగు అని పెట్టి, లోపల వంద అడుగులు నడువు, తొంభై డిగ్రీలు తిరుగు అని పెడితే సరి. నేను చూపించాను, అర్థమైందా అన్నాను, అర్థమైందన్నారు. మీకు తెలుసు కదా ఆ "అర్థమైంది". చెయ్యమంటే పదిహేను మందిలో ఎనిమిది మంది ఒకటే తప్పు చేశారు. ముందు నడువు పెట్టారు, దాని కింద తిరుగు పెట్టారు, అట్టడుగున రిపీట్ నాలుగు, నోరు ఖాళీగా. పిల్లి ఒక గీత గీసి, ఒకసారి తిరిగి, నిలబడిపోయింది.

ఎనిమిది మందికీ ఒకటే తప్పు ఎలా వస్తుంది? కాపీ కొట్టారనుకున్నాను ముందు. ఇంటికెళ్ళి వంట చేస్తూ ఆలోచిస్తే తట్టింది. మా అమ్మాయికి ఫోన్లో దోసెల పిండి గురించి చెప్తున్నాను. "గరిటెడు పిండి వేసి, గుండ్రంగా తిప్పి, అంచులకి నూనె వేసి, కాలాక తియ్యి. అలా నలుగురికీ నాలుగు వెయ్యి." అదిగో! తెలుగులో మనం పని అంతా చెప్పి, చివర్న "అలా నాలుగు సార్లు" అంటాం. ఇంగ్లీషు ముక్క నాలుగు సార్లు అని ముందే అనేసి, తరవాత పనేంటో చెప్తుంది. పిల్లలు తప్పు చెయ్యలేదండీ, తెలుగులో ప్రోగ్రాం రాశారు.

మర్నాడు బోర్డు మీద రెండూ రాశాను. మనం ఎలా అంటామో ఒక పక్క, పిల్లి ఎలా వింటుందో ఒక పక్క. "పిల్లికి 'అలా' అనే మాట తెలీదర్రా. అలా అంటే ఎలాగో వెనక్కి చూసుకోవడం దానికి రాదు. అందుకని ఎన్నిసార్లో ముందే చెప్పి, పనంతా దాని కడుపులో పెట్టాలి" అన్నాను. అప్పట్నుంచి మా బళ్ళో దాని పేరు కడుపు బ్లాకు. ఇంక ఎవరూ ఖాళీ కడుపుతో వదల్లేదు. ఇఫ్, అంటే షరతు పెట్టే ముక్క, దాని దగ్గర ఇంత బాధ లేదు. వానొస్తే గొడుగు తెచ్చుకో అన్నట్టే అంచు తగిలితే వెనక్కి తిరుగు. మనకీ షరతు ముందే వస్తుంది కాబట్టి గబుక్కున పట్టేస్తారు. నేను చెప్పేదేంటంటే, పిల్లవాడు తప్పు చేసినప్పుడు "వీడికి లాజిక్ లేదు" అనేముందు ఆ వాక్యాన్ని తెలుగులో ఒకసారి అనుకుని చూడండి. సగం సార్లు తప్పు అక్కడ దొరుకుతుంది.

ముక్కోణం సంగతి కూడా చెప్పాలి. సమబాహు త్రిభుజంలో కోణం అరవై అని నేనే చెప్పాను. వాళ్ళు బుద్ధిగా మూడుసార్లు, వంద అడుగులు, అరవై డిగ్రీలు అని పెట్టారు. పిల్లి పక్కకి పడుకోబెట్టిన గిన్నె గీసింది. [నవ్వులు] మూడు గీతలున్నాయి, మూడూ సమానం, కానీ నోరు మూసుకోలేదు. నేనూ తెల్లబోయాను, నిజం చెప్తున్నాను. ఆ క్షణంలో నాకు జవాబు తెలీదు. ఒక పిల్ల లేచి, నేల మీద గీసిన ముక్కోణం చుట్టూ నడిచింది. మూల దగ్గర ఆగి, ఒళ్ళు తిప్పి చూసుకుని, "టీచర్, అరవై లోపల ఉంది. నేను తిరిగేది బయట" అంది. నూట ఎనభైలోంచి అరవై తీసేస్తే నూట ఇరవై. పెట్టారు. మూసుకుంది. గిన్నె గీసిన పాత ప్రోగ్రాంని ఇంకొకడు చెరపకుండా మూడుని ఆరు చేశాడు. షడ్భుజి వచ్చింది. వాడి మొహం చూడాలి మీరు! పై తరగతుల్లో బాహ్యకోణాల మొత్తం మూడు వందల అరవై అని నేర్పబోయేది ఆ పిల్ల కాళ్ళతో నేర్చుకుంది.

ఇలాంటివి రాసుకోవడానికి మా తరగతిలో ఒక నోటుపుస్తకం ఉంది, పురుగుల పుస్తకం అంటాం. ప్రోగ్రాంలో తప్పుని బగ్, అంటే పురుగు, అంటారు కదా. ఆ మాట అంతకుముందే వాడుకలో ఉంది. అయితే 1947 సెప్టెంబరులో హార్వర్డ్ మార్క్ టూ అనే యంత్రంలో నిజంగానే ఒక చిమ్మట ఇరుక్కుంటే, దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపు వేసి అంటించారు. ఆ పేజీ ఇప్పటికీ భద్రంగా ఉంది. పిల్లలకి ఈ కథ చెప్పానా, వాళ్ళ పుస్తకంలో కూడా అంటించడానికి బొద్దింకల్ని పట్టుకొచ్చారు. వద్దమ్మా, రాస్తే చాలన్నాను. ప్రతి పేజీలో మూడు వాక్యాలు. నేను ఏం చెయ్యమన్నాను. అది ఏం చేసింది. నేను ఏం మర్చిపోయాను. ఒక పేజీ చదువుతాను, వాడి మాటల్లోనే: "పిల్లి గోడకి తగిలితే ఆగాలి అన్నాను. అది గోడలోకి వెళ్ళిపోయింది. ఒక్కసారే అడిగాను, నడిచే ప్రతిసారీ అడగాలి." మా తెలుగు పరీక్షలో సొంత వాక్యాలు రాయనివాడు రాసిన పేజీ ఇది.

వేరియబుల్ దగ్గర ఒక జాగ్రత్త. అందరూ దాన్ని డబ్బాతో పోలుస్తారు. పేరు రాసిన డబ్బా, అందులో సంఖ్య పెడతాం అని. నేనూ అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నాను. స్కోరు మూడు అని పెట్టాక, స్కోరుని ఐదు చెయ్యి అంటే ఇప్పుడెంత అని అడిగితే ఎనిమిది అన్నారు. డబ్బాలో మూడు లడ్డూలుండగా ఐదు వేస్తే ఎనిమిదే కదా మరి! పిల్లల తప్పేముంది, పోలిక తప్పు. ఇప్పుడు కబడ్డీ పలక అంటాను. పలక మీద ఒకే అంకె ఉంటుంది. చెరిపి కొత్తది రాయాలి, చెరిపితే పాతది పోయినట్టే. ఒకటి కలపాలంటే ముందు పలక మీద ఎంతుందో చదివి, కలిపి, చెరిపి, రాయాలి. ఆటలో స్కోరు రాసే పిల్లవాడు రోజూ చేసేదే అది.

రుణ సంఖ్యలు కూడా అంతే. స్క్రాచ్ తెర నట్టనడుమ సున్నా, కిందికీ ఎడమకీ వెళ్తే మైనస్ వస్తుంది. మా పిల్లలకి మైనస్ ఇంకా రాలేదు. బావి గట్టు సున్నా అన్నాను. చెట్టెక్కితే ఒకటి, రెండు. బావిలోకి దిగితే మైనస్ ఒకటి, మైనస్ రెండు. అయిదు నిమిషాల్లో అయిపోయింది.

ఇక్కడ తెలుగు పండితులు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మాస్టారూ, మూడక్షరాల గణాలు ఎన్నండీ? ఎనిమిది. ఎందుకు ఎనిమిదే, తొమ్మిది ఎందుకు కాకూడదు? ప్రతి చోటా గురువో లఘువో, రెండే దారులు. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. పింగళుడి ఛందశ్శాస్త్రంలో వీటన్నిటినీ వరసగా రాసే ప్రస్తారం ఉంది. మ, య, ర, స, త, జ, భ, న. ఆ వరసనే తీసుకుని గురువు ఉన్నచోట సున్నా, లఘువు ఉన్నచోట ఒకటి రాయండి. ఎడమ చివరది ఒకట్ల స్థానం, తరవాతది రెండ్లు, ఆ తరవాతది నాలుగులు అనుకోండి. మగణం మూడూ గురువులే, సున్నా. యగణంలో మొదటిది లఘువు, ఒకటి. రగణం రెండు. సగణం మూడు. అలా నగణానికి వచ్చేసరికి ఏడు. సున్నా నుంచి ఏడు దాకా వరస తప్పకుండా వస్తుంది! నేను కాయితం మీద వేసి చూసుకుని అయిదు నిమిషాలు అలా కూచుండిపోయాను. అలాగని కంప్యూటర్‌ని మనవాళ్ళే కనిపెట్టారని వాట్సాప్‌లో పెట్టకండి దయచేసి. పద్యానికి కావలసి లెక్క కట్టుకున్నారు, అంతే. అంతే అయినా గొప్పే. మా ఐదో తరగతివాళ్ళకి గణాల పేర్లు చెప్పను. పొట్టి చప్పట, పొడుగు చప్పట, మూడేసి చొప్పున ఎన్ని రకాలు కొట్టొచ్చో కనిపెట్టమంటాను. ఎనిమిది దొరికాక తొమ్మిదోది కోసం పీరియడంతా వెతుకుతారు. వెతకనిస్తాను.

మౌస్ పంచాయితీ గురించి చెప్పకపోతే అన్యాయం. ఇద్దరికి ఒక కంప్యూటర్ ఇస్తే మగపిల్లవాడి చేయి మౌస్ మీద, ఆడపిల్ల చేతులు ఒళ్ళో. ఎవరూ నేర్పలేదు, అలాగే జరుగుతుంది. "పంచుకోండి" అంటే పంచుకోరు. అందుకని గంట పెట్టాను. మౌస్ పట్టినవాళ్ళు నోరెత్తకూడదు, పక్కవాళ్ళు మౌస్ ముట్టుకోకూడదు, చెప్పాలి. పది నిమిషాలకి గంట కొట్టగానే కుర్చీలు మారాలి. ఇంకొకటి, ప్రోగ్రాంని నడిపించే పచ్చజెండా బొమ్మ నొక్కేముందు ఏం జరుగుతుందో పైకి చెప్పాలి. చెప్పకుండా నొక్కితే ఆ వంతు పోయినట్టే. ఈ రెండో నియమం వచ్చాక గది నిశ్శబ్దమైపోయింది. అంతకుముందు టకటకా నొక్కి చూసుకునేవాళ్ళు, ఇప్పుడు నొక్కడానికి భయపడి తలలు దగ్గరపెట్టి గొణుక్కుంటున్నారు.

మళ్ళీ ముగ్గు దగ్గరికొచ్చి ముగిస్తాను. సంవత్సరం చివర్లో అదే ముగ్గుని పిల్లితో పెట్టించమన్నాను. చుక్కలు అని ఒక వేరియబుల్, మొదట ఏడు. నాలుగు అయ్యే వరకు తిప్పు. ఒక జట్టు లోపల ముందు వరస గీసి, తరవాత ఒకటి తగ్గించింది. ఏడు, ఆరు, ఐదు గీసి ఆగిపోయింది, నాలుగు రాలేదు. రెండో జట్టు మధ్య వరసని విడిగా గీసుకుని, లోపల ముందు తగ్గించి తరవాత గీసింది. ఆరు, ఐదు, నాలుగు. ముక్కలు అవే, వరస మారింది. వరండాలో జరిగిన తగాదా ఏడాది తరవాత తెర మీద మళ్ళీ జరిగింది. ఈసారి ఎవరూ నా దగ్గరికి రాలేదు, గోడ మీద రాసుకున్న వాక్యం దగ్గరికి వెళ్ళారు. మూడో జట్టు పొరపాటున రెండేసి తగ్గించింది. ఏడు, ఐదు, మూడు. నాలుగు ఎప్పటికీ రాదు, పిల్లి ఎప్పటికీ ఆగదు. "టీచర్, మా ముగ్గు వీధి దాటిపోయింది!" అని అరుపులు.

ప్రశ్నలున్నాయా? చెప్పండి మాస్టారూ.

(ఒక ఉపాధ్యాయుడు: ఇప్పుడు ఏఐ వచ్చింది, అదే ప్రోగ్రాం రాసేస్తోంది. ఇంక పిల్లలకి ఇదంతా ఎందుకండీ?)

మంచి ప్రశ్న. ఏఐతో ముగ్గు ప్రోగ్రాం నేనూ రాయించి చూశాను. "నాలుగు వచ్చే వరకు" అన్నాను. నాలుగు వరస రాలేదు. దానికీ మా పిల్లకి వచ్చిన అనుమానమే వచ్చి ఉండాలి, కానీ అడగలేదు, ఒక అర్థం తీసేసుకుంది. తప్పెక్కడుందో నాకెలా తెలిసింది? చుక్కలు లెక్కపెట్టాను కాబట్టి. లెక్కపెట్టడం రాకపోతే ఇరవై తొమ్మిదే ముగ్గనుకుని ఇంటికెళ్ళేదాన్ని.

(ఒక ఉపాధ్యాయురాలు: తల్లిదండ్రులు పైథాన్ నేర్పమంటున్నారు మేడమ్. టీవీలో ప్రకటనలు చూసి.)

మా దగ్గరికీ వచ్చారమ్మా. ఆరేళ్ళ పిల్లవాడు యాప్ చేసి కోట్లు సంపాదించాడట, మావాడెప్పుడు చేస్తాడు అని ఒక నాన్నగారు అడిగారు. ఆయన తాపీమేస్త్రీ. నేను వాదించలేదు. వాళ్ళబ్బాయి పురుగుల పుస్తకం చేతికిచ్చాను. నాలుగు పేజీలు చదివి, "తప్పెక్కడొచ్చిందో వీడే పట్టుకున్నాడాండీ?" అన్నారు. అవునన్నాను. "మా దగ్గర కుర్రాళ్ళు గోడ వంకరొస్తే ఇటుక మీద తోసేస్తారు" అని ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళారు. మళ్ళీ తెచ్చివ్వడానికి వారం పట్టింది. పైథాన్ అంటే టైపు చేసి ప్రోగ్రాం రాసే భాష, దానికి ఇంగ్లీషు అక్షరాలు వేగంగా దొరకాలి, ఒక్క చుక్క తేడా వస్తే ఎర్రగా తప్పు చూపిస్తుంది. ఆరు, ఏడు తరగతుల్లో చూసుకోవచ్చు.

(ఇంకొకరు: మా బళ్ళో కంప్యూటర్ ఒక్కటీ లేదండీ.)

వరండా ఉందిగా? సుద్దముక్క ఉందిగా? సగం సంవత్సరం దాంతో గడుస్తుంది. న్యూజిలాండ్‌లో కాంటర్‌బరీ యూనివర్సిటీ టిమ్ బెల్ వాళ్ళు కంప్యూటర్ లేకుండా నేర్పే ఆటలు ఎప్పట్నుంచో తయారుచేస్తున్నారు. ప్రార్థనలో పిల్లల్ని పొడుగు వరసలో నిలబెట్టడం కూడా ఒక పాఠమే. పక్కపక్కవాళ్ళే పోల్చుకుని చోట్లు మారాలంటే ఎనిమిది మందికి అన్నిటికన్నా ఎక్కువ ఎన్ని పోలికలు కావాలో లెక్కపెట్టించండి, ఇరవై ఎనిమిది వస్తుంది. కానీ ఒక్క మాట మాస్టారూ. సుద్దముక్క చాలని నేనన్నానని చెప్పి మీకు రావలసిన కంప్యూటర్లు అడగడం మానకండి. పిల్లి గిన్నె గీసినప్పుడు వచ్చే ఆశ్చర్యం సుద్దముక్కతో రాదు. సుద్దముక్క పట్టుకున్నవాడు ఎంత చెప్పినా స్నేహితుణ్ణి చూసి జాలిపడి సొంత తెలివి కొంచెం కలిపేస్తాడు. కంప్యూటర్ కలపదు.

టీ వచ్చినట్టుంది. వెనక బల్ల మీద రెండు పెన్ డ్రైవులు పెట్టాను, స్క్రాచ్ రెండు వెర్షన్లూ ఉన్నాయి, ఎక్కించుకోండి, పెన్ డ్రైవులు మాత్రం వదిలేసి వెళ్ళండి, పోయినసారి ఒకటి పోయింది. [నవ్వులు] టీ తాగాక వరండాలోకి రండి. సుద్దముక్కలు తెచ్చాను. ఇద్దరిద్దరు వీపులు ఆనించి కూచోవాలి. మగవాళ్ళు చెప్పాలి, మేడమ్‌లు పెట్టాలి. సొంత తెలివి వాడకూడదు. అయిదు చుక్కలు, మూడు వచ్చే వరకు.